సేతువుకు బయలుదేరిన బిళ్ళ

భూమి అడుగు చీకటిలోనూ, సముద్రం మీది వెలుగులోనూ ఒకేలా నిండి ఉన్న నా రామయ్యకు జయం. ఊపిరి ఇచ్చేది ఆయన, తిరిగి తీసుకునేది ఆయన. ఆయనకు మొక్కి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అన్న బంగారు గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక ఆయనకు మిగిలినవి ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము, జేబులో ఇత్తడి బిళ్ళ. కేజు అనే ఇనుప బోనులో గనిలోకి దిగేముందు ఎవరి బిళ్ళ వాళ్ళు పైన మేకుకు తగిలించి, వచ్చాక తీసుకునేవారు. మేకుకు బిళ్ళ మిగిలిందంటే లోపల మనిషి ఉన్నట్టే. అతను పైకొచ్చేదాకా తోటివాళ్ళు ఇళ్ళకు పోయేవారు కాదు.

శనివారం భజనలో నేను సేతువు కట్టిన ఘట్టం చదివిన రోజున అన్నకు కోరిక పుట్టింది. చిన్న తెరచాప పడవలో పులికాట్ నుంచి తీరం వెంటే రామేశ్వరం పోయి, సేతువు దగ్గర మునక వేయాలి. రాబర్ట్‌సన్‌పేటలోని మా ఇంటి గోడకు పటం అంటించి, ఆగాల్సిన రేవులకు పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. పడవ, ఒకప్పుడు ఆయనతో గనిలో పనిచేసి సొంతూరు పులికాట్‌కు వెళ్ళిపోయిన స్నేహితుడిది. ఆ స్నేహితుడు వచ్చి పటం చూసి పకపకా నవ్వాడు.

"ఏమప్పా, పోయిన దావనే వెంటనే ఎనక్కి గీసినావే! ఇదేమన్నా గని కేజా, దింపినోడే పైకి లాగేదానికి? పుష్యమాసం గాలి రామేశ్వరానికి తీసకపోతాది. మళ్ళీ తేవాలంటే వైశాఖంలో దక్షిణం గాలి లేవాల."

"అంతవరకూ యాడుండేది?"

"ఆడనే. గుళ్ళో కూచోని భజన చేసుకో!"

అన్న కూడా నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక మెల్లగా అన్నాడు: "వైశాఖం దాకా నాకు ఊపిరి ఉంటాదో లేదో. పోయేదానికి గాలి ఉండాది గదా, ఇంగ చాలు."

తిరుగుదారి గీతను రబ్బరుతో చెరిపేశాడు. స్నేహితుడు మళ్ళీ నవ్వలేదు. "చుక్కాని నేను పడతాలే. నువ్వు ఊరికే కూచో" అన్నాడు.

తుపానులు తగ్గేదాకా ఆగాలి. ఆ లోపే మార్గశిరపు మంచు అన్న రొమ్ము పట్టేసింది. "గాలి తిరిగినాది, రాండప్పా" అని స్నేహితుడి ఫోను వచ్చేసరికి ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు, ముక్కుకు గొట్టంతో. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టాను. విని, జేబు తడుముకుని, బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు.

"మేకుకు తగిలించు తమ్ముడా. నేను బయలుదేర్తా ఉండా."

తెల్లవారేసరికి వెళ్ళిపోయాడు.

అస్థికలు ఆ పడవలోనే తీసుకుపోయాను, ఆయన గుర్తు పెట్టిన రేవుల్లోనే ఆగుతూ. సేతువు దగ్గర కలిపి నేను రైల్లో తిరిగొచ్చాను. స్నేహితుడు దక్షిణం గాలి కోసం పడవతో అక్కడే ఉండిపోయాడు.

పటం పక్కన మేకు కొట్టి నేను తగిలించిన బిళ్ళ ఇంకా అక్కడే ఉంది. మనిషి పైకి చేరలేదని దాని అర్థం. గనివాళ్ళ పద్ధతి ఇప్పుడు మీకూ తెలుసు. లేచి వెళ్ళిపోవద్దు. కాసేపు నాతో చేతులు జోడించండి: "రామయ్యా, మా మనిషిని నీ దగ్గరికి చేర్చుకో."