పెరటి తీగ

కెనడాలోని విన్నిపెగ్‌లో స్కూలు బస్సు నడిపే మైరన్ తన ఇంటి గడప ఏ మెకానిక్కునూ తొక్కనివ్వలేదు. కుళాయి కారినా, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు మొరాయించినా తనే బాగుచేస్తాడు. చేసినదానికన్నా చెప్పుకునేదే ఎక్కువ.

ఆ జనవరి ఆదివారం పొద్దున ఫర్నేసు ఆగిపోయింది. దాని బోర్డు మీది గోరంత ఫ్యూజు మాడిపోయింది. కొత్తది పెట్టగానే అదీ పోయింది. అంటే ఎక్కడో సన్న తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయన్నమాట. బయట ఊపిరి గడ్డకట్టే చలి. భార్య డారియా కోటు తొడుక్కునే వంటింట్లో పెరొగీలు, అంటే బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, వేయిస్తోంది. ఆమె తమ్ముడు బోహ్దాన్ టీ తాగుతున్నాడు. ఫ్యాక్టరీ మూతపడ్డ దగ్గర్నుంచీ అతని పడక ఇంటి కింది నేలమాళిగలో, ఫర్నేసు పక్కనే. మైరన్ అక్కసంతా అతని మీదికి మళ్ళింది.

"మళ్ళీ సాక్సులు దాని మీద ఆరేశావా?"

"లేదు బావా, నేనసలు ముట్టుకోలేదు."

"నువ్వు కాలుపెట్టిన చోటల్లా మూతే! ఫ్యాక్టరీ అయింది, ఇప్పుడు నా ఫర్నేసు!"

డారియా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బోహ్దాన్ కప్పు కడిగి బోర్లించి, సంచీ సర్దుకుని కారెక్కి వెళ్ళిపోయాడు.

మైరన్ కిందికి దిగి తీగల్ని ఒక్కో జతా విప్పి చూశాడు. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌వి విప్పినా ఫ్యూజు పోయింది. అవి మళ్ళీ బిగించి, అదే బోర్డు నుంచి పెరట్లోని ఏసీకి వెళ్ళే జత విప్పాడు. ఈసారి ఫ్యూజు నిలిచింది, ఫర్నేసు గుర్రుమంది.

పెరట్లోకి వెళ్ళి, నిన్న తనే ఏసీ మీదికి ఎగదోసిన మంచును తవ్వాడు. తీగ తొడుగు చీలి, లోపలి రాగి పోగులు రెండూ ఒరుసుకుని ఉన్నాయి. వేసవిలో గడ్డి కోస్తూ మిషను తగిలించింది తనే. "బావా, తీగ తెగేలా ఉంది, టేపు చుట్టనా?" అని బోహ్దాన్ అడిగాడు కూడా. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు తను. అది గుర్తొచ్చి మైరన్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఏ పాపమూ ఎరగనివాణ్ణి చలిలోకి వెళ్ళగొట్టాడు.

"ఏమైందట?" అని డారియా అడిగితే, "ఏదో తీగలే" అని గొణిగి బయటపడ్డాడు.

వీధులన్నీ వెతికితే, బోహ్దాన్ చర్చి పక్కన తన కారులోనే కూర్చుని ఉన్నాడు.

"ఇల్లు వెచ్చబడిందా బావా? అక్క చలి తట్టుకోలేదు."

మైరన్ అతని కారు తలుపు తీశాడు. "తప్పు నాదేరా. ఆ పెరటి తీగే. పద, ఇంటికెళ్దాం."

"ఈ మాట అక్క ముందు చెప్తావా? నన్నన్నది ఆమె ముందే కదా."

దానికి మైరన్ తలైతే ఊపాడు గానీ, ఇల్లు దగ్గరయ్యేకొద్దీ ప్రాణం ఉసూరుమంది. డారియా తలుపు తీయగానే, బూట్లయినా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పేశాడు.

"ఫర్నేసు చెడగొట్టింది నేనే. వీడు కాదు."

"ఫర్నేసుదేముంది, బాగుచేశావుగా," అంది డారియా. "మరి వీణ్ణన్న మాటో?"

మైరన్ వెనక్కెళ్ళి బోహ్దాన్ కారులోంచి సంచీ తనే మోసుకొచ్చాడు.