రాణి వేషంలో మా బావ బొమ్మ

ఈ బొమ్మ సంగతి ముందు ఫోన్‌లో అడిగాను. తర్వాత ఇంటికే వెళ్ళి అడిగాను. జవాబు రాలేదు కాబట్టి రాస్తున్నాను. నన్ను పట్టించుకోకపోవడం కొత్త కాదు. మా నాటక సమాజం సంచికలో నేను గీసిన బొమ్మలన్నీ వేశారు. మైకు పెట్టినవాడి పేరు కూడా వేశారు, నా పేరు వేయలేదు. అదీ మరిచిపోలేదు. కానీ ఈ బాధ వేరు.

నాచారంలో ఒక ఫ్యాక్టరీలో నేను మిషన్ల డ్రాయింగులు గీసేవాణ్ణి. అక్కడే లేత్ మీద పనిచేసే మిత్రుడు, ఉప్పల్ పాత ఊరివాడు, మా నాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడు. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుచుకునేవాళ్ళం. నాటకం ఉన్నప్పుడల్లా మీసం తీసేసి డ్యూటీకి వచ్చేవాడు. "రాణిగారు వచ్చిన్రు, కుర్చీ ఎయ్యున్రి" అని తోటివాళ్ళు వెక్కిరించేవారు. వాడు నవ్వి పనిలో పడేవాడు.

వేషం పూర్తయ్యాక తెర లేచేదాకా ఉండే కాస్త సమయంలోనే నేను గీసేవాణ్ణి. కిరీటం బరువుకు మెడ నొప్పెట్టి దాన్ని ఒళ్ళో పెట్టుకున్న రాజును గీశాను. కళ్ళజోడు తీయడం మరిచిన మంత్రినీ గీశాను. బావ మాత్రం రంగు ఆరేదాకా ముఖం కదపకుండా కూర్చునేవాడు. ఒంటిమీద భార్య పెళ్ళిచీర. ఒకసారి అలాగే గీసి చూపిస్తే, బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు.

"బావా, నేను పోయినంక గిదే పెట్టమను. గుర్తింపు కార్డు ఫొటోల దొంగ లెక్క ఉన్న."

"నువ్వే ముందు పోతవని ఎవడు జెప్పిండు?"

"నువ్వు మొండోనివి. జల్ది పోవు."

పోయిన ఏడాది వాడే పోయాడు. నా దగ్గరున్న ఆ బొమ్మకు అప్పటికప్పుడు ఫ్రేము కట్టించి, నారపల్లిలో వాడి కొడుకు కట్టుకున్న ఇంటికి తీసుకెళ్ళి, శవం తల దగ్గర పెట్టాను. చూడవచ్చిన ఒకావిడ పక్కావిడతో, "ఎవరే గీమె? రెండో ఇల్లు గిట్ట ఉండెనా?" అంది. కొడుకు విన్నాడు. బొమ్మను గోడవైపు తిప్పేశాడు.

"నలుగుట్ల మా ఇజ్జత్ తీస్తవా మామా?"

"మీ నాయిననే అడిగిండు" అన్నాను.

"నాయినకు గట్లాంటి పిచ్చిలు మస్తుండె."

శవం పక్కన కూర్చున్న బావ భార్య, నేను చెల్లె అని పిలిచే మనిషి, తల ఎత్తింది. "అది నా పెండ్లిచీర. ఆయననే అది. ఇటు తిప్పున్రి" అంది. ఎవరూ తిప్పలేదు. నేను లేచేలోపు కొడుకు దాన్ని లోపలికి తీసుకుపోయాడు. దండ గుర్తింపు కార్డు ఫొటోకే పడింది.

దినాలు అయ్యాక వెళ్ళి అడిగితే, గేటు దగ్గరే నిలబెట్టి, "సర్దుట్ల ఏడ వడ్డదో, సూస్త మామా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. చెల్లె ఇప్పుడు దమ్మాయిగూడలో కూతురి దగ్గర ఉంటోంది. నేను కనిపిస్తే చాలు, "ఆ బొమ్మ ఏమాయె అన్నా?" అంటుంది. ఏం చెప్పను? చూస్తున్నారట అంటాను.

వచ్చే నెల సంవత్సరీకం. నన్ను మామా అని పిలిచే అల్లుడా, బావ కొడుకా, ఇది నీకే రాస్తున్నాను. బొమ్మ నీ దగ్గర ఉందా, పారేశావా? ఉంటే ఉందని చెప్పు. లేకపోతే లేదని చెప్పు. నాతో మాట్లాడటం ఇష్టం లేకపోతే మీ అమ్మకన్నా చెప్పు.