త్రినాథ్ ఎన్ని లీటర్లు?

గంగులు మాస్టారి దగ్గర లెక్కల క్లాసు లాక్కుని డ్రిల్లు క్లాసు అంటగట్టారు. ఆయన చేసిన నేరమల్లా, కంటపడ్డ ప్రతిదాన్నీ నీళ్ళలో ముంచి కొలవడం. పనసకాయ, చెప్పులు, ఇటుకలు అయిపోయాక ఒకరోజు కోడిపెట్టను పట్టుకున్నారు. అది మునగలేదు. తడి రెక్కలతో ఎగిరి, హెడ్మాస్టరు మోహనకృష్ణగారి భోజనం క్యారేజీలో దిగింది.

"ఘనపరిమాణానికి సూత్రాలున్నాయి కదండీ!" అని అరిచారాయన.

"కోడికి లేదండి," అన్నారు మాస్టారు.

మర్నాటినుంచే డ్రిల్లు.

నెల్లిమర్ల పక్కనున్న ఆ బడిలో ఎనిమిదో తరగతి త్రినాథ్ గొడవ వేరు. వాడికి ఒళ్ళు కాస్త ఎక్కువ. జూట్‌మిల్లు దగ్గర్లోనే ఉంది కాబట్టి వాడికి పేరు వెతకాల్సిన పని లేకపోయింది.

"ఒరే గోనిబస్తా, జరగరా! గాలి రాట్నేదు," అని యుగంధర్ మొదలెట్టాడు. క్లాసంతా అందుకుంది. త్రినాథ్ ఇంట్లో చెప్పేశాడు: "నానింక బడికెల్లను. మావతో పనికెల్లిపోతాను."

ఆ సాయంత్రమే మాస్టారు స్కూటరేసుకుని వచ్చారు.

"రేపొక్కరోజు రారా. నువ్వు లేపోతే లెక్క తేల్దు."

వెళ్ళి చూస్తే, మైదానంలో సిమెంటు తొట్టి. అందులో అంచుదాకా నీళ్ళు నింపిన డ్రమ్ము.

"మనిసి ఎన్ని లీటర్లుంటాడో సూద్దాం," అన్నారు మాస్టారు.

మనిషిని కిలోల్లో విన్నారుగానీ లీటర్లలో ఎవరూ వినలేదు. త్రినాథ్‌కి కూడా ఏడుపు మరిచిపోయేంత ఆసక్తి పుట్టింది.

పీకలదాకా మునగాలి. తొట్టిలోకి పొర్లిన నీళ్ళు మగ్గుతో కొలవాలి. రెండు లీటర్లకి ఒక చదరపడుగు బెండ మడి. అడుగు చదరం అట్టముక్కలు సందులేకుండా పరిచి, నేల గీసుకోవాలి. రోజూ మునిగి, ఎవరి నీళ్ళు వాళ్ళ మడికే పొయ్యాలి.

యుగంధర్ దిగాడు. ముప్ఫై లీటర్లు, పదిహేను అట్టలు.

"ఇంతేనేటండి?" అని బుగ్గలు పూరించి మళ్ళీ మునిగాడు. అట్ట ఒక్కటీ పెరగలేదు.

త్రినాథ్ దిగాడు. డ్రమ్ము నాలుగువైపులా పొర్లింది.

"ఏబై రెండు!"

ఇరవయ్యారు అట్టలు. క్లాసులో అంత మడి ఇంకెవరికీ లేదు.

"ఒరే త్రినాథూ," అన్నాడు యుగంధర్ అట్టలు మళ్ళీ లెక్కపెట్టి, "ఏటి తింటావురా నువ్వు?"

హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చారు. "ఇది డ్రిల్లేనా?"

"దిగడం, లెగడం... డ్రిల్లు కాపోతే మరేటండి?" అన్నారు మాస్టారు.

త్రినాథ్ బడి మానలేదు. బెండకాయలు కోసుకోవాలి కదా.

మొన్న విజయనగరం బస్టాండులో త్రినాథ్‌కి మాస్టారు కనబడ్డారు. చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న వాడు, ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగేశాడు.

"ఆ డ్రమ్ము నాకోసమే పెట్టారు కదండీ?"

"నీకోసమేటిరా! బెండమొక్కల కోసం," అన్నారు మాస్టారు. "ఆ యుగంధర్‌గాణ్ణి నమ్ముకుంటే ఎండిపోవా?"