మస్తాన్ బాబాయ్ నేర్పిన ఎర్తు

ఈ ఉదయం పెరట్లో, కరెంటును నేలలోకి దించే ఎర్తు గుంతలో రెండు బిందెల నీళ్లు పోశాను. ఎండిన బొగ్గూ ఉప్పూ తడిసి లేచిన వాసనకు మస్తాన్ బాబాయ్ గుర్తొచ్చాడు. కరెంటు లైన్ల మీద ముప్పయ్యేళ్లు పనిచేసి, రిటైరయ్యాక నరసరావుపేటలో మా పక్కింట్లో స్థిరపడ్డాడు. ఇంట్లోనే మైక్రోవేవ్ ఓవెన్లు బాగుచేసుకుంటూ నా కాళ్ల మీద నేను నిలబడ్డానంటే అది ఆయన చలవే.

పని నేర్పమని అడిగిన రోజు ఆయన ఓవెన్ వంక చూడనేలేదు. టెస్టు బల్బు తెచ్చి, మా సాకెట్లో ఫేజుకీ ఎర్తుకీ మధ్య పెట్టి చూశాడు. వెలగలేదు. ఎర్తు లేని ఇంట్లో మూత విప్పనని చెప్పి వెళ్లిపోయాడు. మా నేలంతా రాయి. గుంత తవ్వించేసరికి నాలుగు రోజులు పట్టింది. ఇదేం చాదస్తమని లోలోపల విసుక్కున్నాను. బల్బు వెలిగాకే ఆయన మళ్లీ మా గడప తొక్కాడు. ప్లగ్గు పీకాక కాసేపు ఆగాలన్నాడు. కొనకు లోహపు ముక్క, దానికో వైరు ఉన్న ఎర్తు కర్ర చూపించి, ఆ వైరు క్లిప్పును ముందు ఓవెన్ రేకుకి తగిలించి, ఆ తర్వాతే కర్ర కొనను, కరెంటును లోపల దాచుకునే కెపాసిటర్‌కి తాకించాలన్నాడు. రెండో చెయ్యి వెనక్కి పెట్టుకోమన్నాడు.

కొన్ని నెలల తర్వాత ఒకావిడ ఓవెన్ కోసం వచ్చి, బస్సు తప్పిపోతుందని తొందరపెట్టింది. నేను ప్లగ్గు పీకి నేరుగా లోపల చెయ్యి పెట్టబోయాను. పక్కనే ఉన్న బాబాయ్ నా మణికట్టు పట్టుకుని ఆపాడు. ఆయన కర్ర తాకించగానే లోపల చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది.

"నువ్వు ప్లగ్గు పీకావని లోపలున్న కరెంటుకి తెలవదమ్మాయ్," అన్నాడు.

ఆవిడ వెళ్లిపోయాక అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడే మొదటిసారి, తన కింద పనిచేసిన కోటయ్య సంగతి చెప్పాడు. పిడుగురాళ్ల దగ్గర లైను పని. సప్లై ఆపారు కదా అని, లైనును నేలకు కలిపే ఎర్తు గొలుసు వెయ్యకుండానే తను కోటయ్యను స్తంభం ఎక్కమన్నాడట. ఎక్కడిదో జనరేటర్ కరెంటు లైన్లోకి వెనక్కి తన్నింది. కోటయ్య ప్రాణాలతో దిగలేదు.

"గొలుసు నా భుజం మీదే ఉంది. ఆ రోజు చానా తొందరలో ఉన్నా," అన్నాడు. నేను చాదస్తమనుకున్నది ఏమిటో అప్పుడు అర్థమై తల దించుకున్నాను.

బాబాయ్ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మా వీధిలో ఇద్దరు ఆడవాళ్లు నా దగ్గర పని నేర్చుకుంటున్నారు. మొన్న వాళ్లలో రజని, "ఏంది పిన్నీ, నెల నుంచి వాడని ఓవెన్‌కి కూడా ఇదంతా చెయ్యాలా?" అని అడిగింది. చెయ్యాలన్నాను. తర్వాత పని ఆపి, నేనెన్నడూ చూడని కోటయ్య గురించి ఆమెకు చెప్పాను. అంతా విని, రజని క్లిప్పు అందుకుని ఓవెన్ రేకుకి తగిలించింది.