దల్మా లోయలో మావయ్య సైగలు

మావయ్య పోయాడని ఆయన ఉండే భుయ్యాడీహ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ మాట చెల్లికి చెప్పాల్సింది నేనే. దానికి పుట్టుకతోనే చెవులు వినిపించవు. నేను చెయ్యి ఎత్తేలోపే నా ముఖం చూసి కూలబడిపోయింది.

మావయ్య మా అమ్మకు అన్న. ఉక్కు కర్మాగారంలో ఖలాసీ. క్రేను మీద కూర్చున్నవాడికి కింద నిలబడి ఎత్తమని, దించమని, ఆగమని చేతులతో చెప్పడం ఆయన పని. ఆ మోతలో నోరు పనికిరాదు. ఆ లోటంతా ఇంట్లో తీర్చుకునేవాడు. సిద్ధగోరాలో మా ఇంటికొచ్చి ఆయన మాట్లాడితే పక్కపేట అగ్రికోలో వినిపించేది.

సెలవు దొరికితే మమ్మల్ని దల్మా కొండల మధ్య లోయలోని అభయారణ్యానికి తీసుకెళ్లేవాడు. మొదటిసారి చెల్లిని పంపనంది అమ్మ.

"ఏనుగొత్తే దీనికి ఇనబడదు కదా అన్నియ్యా!"

"మిల్లు మోతకి నా సెవులూ సగం పోనాయి. నన్నూ ఇంటికాడే కూకోమంతావేటి? అడవిలో నోటితో పనేటే? సెయ్యుంటే సాలు."

అమ్మ మనసొప్పక తనూ బయల్దేరింది.

"మనం ఏనుగుల ఇంటికొచ్చాం. గుమ్మంలో గోల సేత్తారేటి?" అని, సాల్ చెట్ల నీడలోకి దిగగానే మావయ్య తన నోరు కట్టేసుకునేవాడు. ఇక అంతా చేతులే. పిడికిలి ఎత్తితే ఆగాలి. అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మదిగా నడవాలి. మేం తికమకపడేవాళ్లం. చెల్లికి ఒక్కసారి చూపిస్తే చాలు. కొమ్మ మీద పెద్ద ఉడుత తోకైనా, బురదలో జింక గిట్టల గుర్తులైనా ముందు దాని కళ్లకే కనబడేవి. ఇంట్లో మా కబుర్ల మధ్య ఓ మూల కూర్చునే పిల్ల అక్కడ మా అందరికీ దారి చూపించేది.

ఒకరోజు వాగు మలుపులో అది మావయ్య చొక్కా పట్టి లాగి పిడికిలి ఎత్తింది. మాకేమీ కనబడలేదు. మావయ్య ఎందుకని అడగలేదు, ఠక్కున ఆగిపోయాడు. కాసేపటికి అవతల వెదురు కదిలింది. గున్న ఏనుగును మధ్యలో పెట్టుకుని ఏనుగుల మంద మా ఎదురుగానే వాగు దాటింది.

"ఇకమీదట దీన్నే ముందు నడవనీ అన్నియ్యా" అంది అమ్మ.

"నా సర్వీసులో ఇలాటి సైగ సూడ్లేదే" అన్నాడు మావయ్య.

అప్పటి నుంచి చెల్లి ముందు, మావయ్య అందరికంటే వెనక. చెల్లికి ఆ చోటు ఇచ్చింది ఆయనే. అది తలచుకుంటే నాకు దుఃఖం కంటే కృతజ్ఞతే ముందొస్తుంది.

కర్మలన్నీ అయ్యాక మొన్న మళ్లీ లోయకు వెళ్లాం. దారంతా ఇప్పపూలు రాలి ఉన్నాయి. ఎత్తు ఎక్కిన చోట చెల్లి ఆగి, మా తలల మీదుగా వెనక్కి చూసి, రమ్మని చెయ్యి ఊపింది. మా వెనక ఎవరూ లేరు. చాలాసేపు ఆ చెయ్యి దించలేదు.