కనపడని చుక్కలకు మీట నొక్కిన అమ్మమ్మ

లేని దీపాలను కూడా చూడగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె మా అమ్మమ్మ. గద్ద ఎంత గొప్పదైనా దానికి కనపడేది ఉన్న కోడిపిల్లే. మా అమ్మమ్మకు లేనిది కూడా కనపడుతుంది. సాక్ష్యం కావాలంటే కంటి ఆసుపత్రిలో యంత్రాన్ని అడగండి. అది అబద్ధమాడదు. దానికి బంధువులు లేరు కదా.

అమ్మమ్మది రఫ్ఫు పని. మేకుకు తగిలి చిరిగిన కోటో, నిప్పురవ్వ పడ్డ శాలువో తెస్తే, ఆ బట్ట లోపలి మడతలోంచే దారాలు లాగి, చిల్లు మీద పోగు పోగుగా నేస్తుంది. తర్వాత ఆ చిల్లు ఎక్కడుందో యజమానే వెతుక్కోవాలి. మెట్ల కింద మా కొట్టు ఎంత ఇరుకంటే, ఇద్దరం ఒకేసారి ఆవలిస్తే గాలి చాలదు. బడి నన్ను తొమ్మిదో తరగతిలోనే వదిలించుకుంది కాబట్టి, ఇస్త్రీ పెట్టడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం, అమ్మమ్మను విసిగించడం నా వాటాకి వచ్చాయి.

వేళ్ల కీళ్లు వాచిపోయిన ఏడాది ఆమె తన గుండీలు తాను పెట్టుకోలేకపోయింది. మా అమ్మ తల దువ్వుతుంటే గోడవైపు తిరిగి కూర్చునేది. అప్పుడు కీళ్ల డాక్టరమ్మ ఒక మాత్ర రాసింది. మందుల కొట్టతను చీటీ చూసి, "మలేరియానా అండీ?" అన్నాడు.

"నాకా? దోమ నామీద వాలాలంటే ముందు అనుమతి అడుగుతుంది!" అని అమ్మమ్మ మాత్రలు అక్కడే వదిలేసి వచ్చింది.

డాక్టరమ్మ మళ్లీ కూర్చోబెట్టి చెప్పాల్సివచ్చింది. అది మలేరియాకే పుట్టిన మందట. కీళ్ల వాపును కూడా అణుస్తుందని తర్వాత తెలిసిందట. మొదట్లో కడుపులో తిప్పుతుంది, ఏదైనా తిన్నాక వేసుకోవాలి. అసలు భయం కంటి గురించి. ఏళ్ల తరబడి వాడితే కొందరికి కంటి లోపలి పొర దెబ్బతింటుంది. నొప్పి ఉండదు. పోయిన చూపు తిరిగి రాదు. అందుకే ఏటేటా కంటి పరీక్ష తప్పదు.

మాత్ర పనిచేసింది. వేళ్లు మెల్లగా మాట విన్నాయి. కంటి పరీక్షలో ప్రతిసారీ బాగుందనే అన్నారు. అమ్మమ్మ ఫస్టు క్లాసులో పాసైనట్టు ఇంటికొచ్చేది, నన్ను ఓరగా చూస్తూ.

ఈమధ్య ఆమె బట్టను చూసే తీరు మారింది. కోడి గింజను చూసినట్టు తల పక్కకు వాల్చి చూస్తోంది.

"మెడ పట్టేసిందా అమ్మమ్మా?"

"నీ మొహం నేరుగా చూడలేక."

నవ్వాను. కానీ ఒక లాయరు తన కోటు వెనక్కి తెచ్చి, అతుకులోంచి చిటికెన వేలు దూర్చి చూపించాడు. "మామ్మగారూ, చిల్లు మూయమంటే కిటికీ పెట్టారేంటి?" నేతలో పోగులు తప్పాయి. అమ్మమ్మ కూడా ఆయనతోపాటు నవ్వింది. కోటు అందుకుని, ఆ అతుకు నాకు కనపడకుండా మడిచింది. నేను పుట్టాక ఆమె పనిలో చిల్లు చూడటం అదే మొదలు. పరీక్షకు ఇంకా గడువుందని ఎంత గింజుకున్నా వినకుండా ఆసుపత్రికి లాక్కెళ్లాను.

చీకటి గది. గిన్నెలాంటి తెల్లటి యంత్రం ముందు గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, నడిమి బొట్టునే చూస్తుండాలి. చుట్టుపక్కల ఎక్కడైనా వెలుగు చుక్క మెరిస్తే చేతిలోని మీట నొక్కాలి. నేను వెనక స్టూలు మీద కూర్చున్నాను. నాకు కనపడేది ఆమె జుట్టుముడి, బొటనవేలు. టిక్కు, టిక్కు, టిక్కు. కుట్టుమిషను నడిచినట్టు నొక్కుతోంది. అన్నీ కనపడుతున్నాయన్నమాట! నా ప్రాణం లేచొచ్చింది.

యంత్రం నడిపే అమ్మాయి లైటు వేసింది. "మామ్మగారూ, ఇది మధ్యమధ్యలో చుక్క వేయకుండా ఊరికే ఆగుతుంది. మీరు అప్పుడు కూడా నొక్కారు."

"అయితే మీ యంత్రానికి బద్ధకం."

"మళ్లీ చేయాలండీ. కనపడితేనే నొక్కండి."

కొంచెం ఆగి వస్తామని చెప్పి బయటి బల్ల మీదకు తెచ్చాను. మంచినీళ్లు అడిగింది, తెస్తే తాగలేదు.

"ఎందుకలా నొక్కావు?"

ఒళ్లో వేళ్లు చాపి చూసుకుంది. "చూపు తగ్గిందని తేలితే మాత్ర ఆపమంటారు. ఆపితే ఇవి మళ్లీ కొయ్యలైపోతాయే. మీ అమ్మ చేత తల దువ్వించుకోవాలి."

"ఆపకపోతే కళ్లు పోతాయి!"

"కళ్లు మెల్లగా పోతాయి. వేళ్లు అంత ఆగవు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెను ఏడిపించడానికి నా నాలుక చివర ఎప్పుడూ నాలుగు మాటలు సిద్ధంగా ఉంటాయి. ఆ వేళ ఆమెదే ఒకటి అరువు తెచ్చుకున్నాను.

"కూలి తగ్గుతుందని చిల్లున్న చోటు మడతలో దాచి తెచ్చేవాళ్లను నువ్వేమని తిడతావు?"

"నా తిట్లు నాకే అప్పజెబుతున్నావా, కోతీ," అని లేచింది.

రెండోసారి పరీక్షలో ఒక టిక్కు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. బొటనవేలు లేచింది, మీట మీద తచ్చాడింది, నొక్కకుండా దిగిపోయింది. మళ్లీ లేచింది. చుక్క వచ్చి పోయిందో, అసలు రానేలేదో నాకు తెలియదు. నొక్కు అమ్మమ్మా, నొక్కు అని లోపల మొక్కుకుంటున్నాను. నొక్కితే, నిజంగా చూసిందా అని మళ్లీ భయం.

తర్వాత కంటి లోపలి ఫోటో తీశారు. యంత్రం, ఫోటో రెండూ ఒకే మాట చెప్పాయి. చూపు నడిమికి చుట్టూ సన్నటి ఉంగరంలా మసక మొదలైంది. కంటి డాక్టరు ఆమెను తూకం మీద నిలబెట్టాడు. "మోతాదు బరువును బట్టి ఉండాలి. మీరు చిక్కిపోయారు, మాత్ర చిక్కలేదు," అన్నాడు. అక్కడి నుంచే కీళ్ల డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఇద్దరూ మాట్లాడుకుని ఆ మాత్ర ఆపేశారు, వేరే మందు మొదలుపెట్టారు.

"మిగిలిన చూపు నిలుస్తుందా బాబూ?"

"చాలామందికి నిలుస్తుందమ్మా. కొందరికి ఆపాక కూడా కొంత తగ్గుతుంది. చూస్తూ ఉండాలి. మాటివ్వలేను."

కొత్త మందు నిదానంగా పనిచేస్తుందట. దానికీ మాటిమాటికీ రక్తపరీక్షలున్నాయి. ఇప్పటికైతే పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటున్నాయి. అమ్మమ్మ మొహం గోడవైపు తిప్పుకుంటుంది, నేను గుండీలు పెడతాను. కావాలనే ఒక కాజా తప్పిస్తాను. తిట్టడానికైనా ఇటు తిరుగుతుందని. తిరిగినప్పుడు తల ఎంత వాల్చి చూస్తోందో కొలుస్తాను. నిన్నటికన్నా ఎక్కువ వాల్చినట్టు అనిపిస్తే ఆ రోజు నాకు ముద్ద దిగదు.

ఇదంతా రాసి, నిన్న కొట్టులో ఆమెకు చదివి వినిపించాను. మొదటి పేరా అయ్యాక మెచ్చుకుంటుందని ఆగాను. కానివ్వమంది. చివరిదాకా విని, సూదిని బట్టకు గుచ్చి పక్కన పెట్టింది.

"లేని దీపాలు చూశానని రాశావు. ఏ దీపమూ చూళ్లేదే. భయమేసి నొక్కాను. ఆ ముక్క రాయి."