సూదుల మెత్త

నార్కట్‌పల్లిలో మా వీధి దర్జీ అక్క కొలతలు గట్టిగా చదివేది. నడుము నలభై అంటే కొట్టు బయట ఉన్నవాళ్లకు కూడా వినపడేది. మేం సిగ్గుపడితే, "నేనంటే అబద్ధం చెప్త, జాకెట్టు చెప్తదా చెల్లే?" అనేది.

క్యాన్సర్ వచ్చి, హైదరాబాద్ దవాఖానలో ఆమెకు ఒక రొమ్ము తీసేశారు. కొన్ని నెలలకు తిరిగొచ్చి మళ్లీ మిషను ముందు కూర్చుంది. ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్లు కాసేపు కళ్లు తుడుచుకుని, ఆ తర్వాత తమ పొట్ట కనపడకుండా జాకెట్టు కుట్టమని బతిమాలేవారు. ఆమె అందరినీ ఓదార్చి పంపేది.

నేను వెళ్లిన రోజు ఆమె జాకెట్టు ఒకవైపు చదునుగా ఉంది. తనే అలా కుట్టుకుంది. నా చూపు అక్కడే ఆగడం గమనించి, మిషను పక్కనున్న గుండ్రటి మెత్తను చూపించింది. దాని నిండా గుండుసూదులు గుచ్చి ఉన్నాయి.

"లోపల పెట్టుకోమని దవాఖానల ఇచ్చిన్రు. చూసేటోళ్లకు మంచిగుంటదట. నాకేమో ఉక్కపోస్తాంది. సూదులకైతే మస్తు పనికొస్తాంది."

నవ్వు రాబోతే చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"నవ్వు చెల్లే," అంది. "మొదటి సూది గుచ్చినప్పుడు నాకు ఏడుపొచ్చింది. రెండోదానికి నవ్వొచ్చింది."